అంజనప్ప పందొమ్మిదో గోడ

కొత్త కంప్యూటర్లలో పాత డాస్ ఆటలు పనిచేయకపోవడమంత మేలు ఈ దేశానికి ఈమధ్య కాలంలో ఇంకొకటి జరగలేదు. ఈ మాట నేను రెండు కాఫీలు తాగి, తలుపేసుకుని కూర్చుని, బాగా ఆలోచించి రాస్తున్నాను. కోపం వచ్చినవాళ్ళు దయచేసి చివరిదాకా చదివి ఆ తర్వాత కోప్పడండి.

మీరే చెప్పండి! తొంభైల్లో హిందూపురం నుంచి ధర్మవరం దాకా కంప్యూటర్ ఉన్న ఆఫీసుల్లో ఏం జరిగేది? గుమాస్తాగారు రాక్షసుల్ని కాల్చేవారు. మేనేజరుగారు కారు పందెంలో ఉండేవారు. సర్టిఫికెట్ కోసం వచ్చిన రైతు కౌంటర్ దగ్గర నిలబడి, లోపల తుపాకుల మోత విని, ఏదో గొడవ జరుగుతున్నట్టుందని తాడిమర్రి బస్సెక్కి వెళ్ళిపోయేవాడు.

అప్పుడొచ్చాయి కొత్త సిస్టమ్‌లు! గుమాస్తాగారు ఆట మీద రెండుసార్లు నొక్కారు. ఒక నల్ల కిటికీ తెరుచుకుంది, రెప్పపాటులో మూసుకుంది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అంతే. వారం రోజులు నొక్కి నొక్కి, ఇక ఏమీ తోచక ఫైలు తెరిచారు. నల్లమాడలో ఒకాయన పాస్‌పుస్తకం పదకొండేళ్ళ తర్వాత ఇల్లు చేరిందట. పాపం, ఆయన దాన్ని గుర్తుపట్టలేదు.

ఇక మానసిక వికాసం సంగతి! పాతదానికి వంద రెట్లు మెమరీ ఉన్న యంత్రం ముందు కూర్చుని, 'మెమరీ చాలదు' అని తెర మీద చదువుకున్న మనిషికి వైరాగ్యం కలగకపోతే ఇంకెప్పుడు కలుగుతుంది? అంత వేగమైన కంప్యూటర్ కొని, దాని వేగం తగ్గించే సాఫ్ట్‌వేర్ కోసం ఊరూరా తిరిగిన వాడికి ఈ లోకం మీద ఇంకా భ్రమలుంటాయా?

నమ్మబుద్ధి కావడం లేదు కదా? అయితే ధర్మవరం అంజనప్పకు జరిగిన మేలు చెబుతాను, వినండి.

అంజనప్ప పట్టుచీరల అంచులు గీసేవాడు. మల్లప్ప షావుకారు కొట్టు వెనక గదిలో ఒక బల్ల, ఒక గ్రాఫు కాగితం, కొన్ని పెన్సిళ్ళు, అదీ ఆయన రాజ్యం. ఆయన గడులు నింపితే, ఆ గడుల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. ఆ అట్టల దండ మగ్గం పైనున్న జకార్డుకు తగిలిస్తే, కింద చీరలో హంసో, నెమలో, మామిడి పిందో దిగేది. ఊళ్ళో నేసేవాళ్ళెవరికీ అంజనప్ప తెలియదు. ఎందుకంటే, ఆ డిజైన్లన్నీ బెంగళూరు నుంచి వస్తాయని మల్లప్ప అందరికీ చెప్పుకునేవాడు. బెంగళూరు నుంచి వచ్చిందంటే ఆ అంచుకు ఒక గౌరవం కదా!

1996లో మల్లప్ప కంప్యూటర్ కొన్నాడు. ఎందుకు? ఎదురు కొట్టువాడు కొన్నాడు కాబట్టి. అంతకంటే గట్టి కారణం వ్యాపారంలో ఉంటుందా? హిందూపురం నుంచి జోసెఫ్ అనే కుర్రాడు వచ్చి దాన్ని బిగించాడు, ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాం ఒకటి, ఆటలు ఆరు ఊరికే వేసిచ్చి వెళ్ళాడు. కంప్యూటర్‌కు దండ వేశారు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు.

అంజనప్ప ఒకరోజు తీరిగ్గా ఆ ఆరూ తెరిచి చూశాడు. అందులో ఒకటి గోడ ఆట. పైన ఇటుకల గోడ ఉంటుంది, కింద ఒక పలక ఉంటుంది, బంతి తగిలి ఇటుకలు రాలిపోతాయి. దానికి తోడు ఇంకో ప్రోగ్రాం ఉంది, సొంతంగా గోడ కట్టుకునేది. అడ్డం అరవై గడులు, నిలువు ముప్పై. పదహారు రంగులు. ఏ గడిలో కావాలంటే ఆ గడిలో ఇటుక పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు.

"ఓరి వీని! ఇది గ్రాఫే గదరా!" అన్నాడు అంజనప్ప.

ఏ దేశంలోనో ఎవరో పిల్లల సరదా కోసం చేసిన ఆ పనిముట్టు మీద ధర్మవరంలో నలభై నాలుగేళ్ళ మనిషి మామిడి పిందె గీశాడు. తప్పుపోతే రబ్బరు అక్కర్లేదు! పొరపాటున టీ ఒలికితే గ్రాఫు పాడుకాదు! తెర చూసుకుని అట్టలు కొట్టేయడమే. ఎనిమిదేళ్ళలో నలభై మూడు గోడలు కట్టాడు అంజనప్ప. బంతిని మాత్రం ఒక్కసారి కూడా కొట్టలేదు. అది ఆట అనే సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

మల్లప్ప ఇంకో అడుగు ముందుకు వేశాడు. కంప్యూటర్ ఉండగా కాగితాలెందుకని గ్రాఫు షీట్లు కొనడం మానేసి, పాతవన్నీ ఉడకబెట్టిన శనక్కాయలమ్మే ఆయనకు ఇచ్చేశాడు. రెండు నెలల పాటు ధర్మవరం బస్టాండులో జనం హంసల్లో, నెమళ్ళలో చుట్టిచ్చిన శనక్కాయలు తిన్నారు. ప్రగతి అంటే అదీ.

2004లో పాత కంప్యూటర్ ఒకరోజు మాడు వాసన వేసి ఆగిపోయింది. మల్లప్ప వెంటనే కొత్తది తెప్పించాడు. ఎంత వేగమనుకున్నారు! స్విచ్ నొక్కిన వెంటనే పచ్చిక బయలు బొమ్మ వచ్చేస్తుంది. గోడలన్నీ, ఆ ఆటతో, గోడ కట్టే ప్రోగ్రాంతో సహా, ఒక ఫ్లాపీలో భద్రంగా ఉన్నాయి కాబట్టి అంజనప్ప దిగులు పడలేదు.

సరిగ్గా ఆ వారమే, ఒక బుధవారం నాడు, పెనుకొండ నుంచి రమాదేవి అనే టీచరమ్మ ఒక ఫోటో పట్టుకుని వచ్చింది. 97లో ఆమె పెళ్ళికి ఇదే కొట్టులో కొన్న చీర అది. చీర కావాలంటే ఇప్పుడు లేదు. వాళ్ళత్త దాన్ని పాత జరీ కొనేవాడికి వేసి, రెండు స్టీలు గిన్నెలు తీసుకుంది.

"మా చెల్లి పెండ్లికి తొమ్మిది చీరలు కావల్లన్నా. అంచు మాత్రం ఇదే ఉండల్ల. మా యమ్మ ఆ చీరె చూసి చూసి మురిసిపోతా ఉండె. ఇప్పుడామె లేదు," అంది రమాదేవి.

ఫోటోలో అంచు బొటనవేలంత ఉంది, అందులో సగం మడతల్లో పోయింది. అట్టలా? ఎలుకలు కొట్టేసి చాలా కాలమైంది. కాగితమా? కంప్యూటర్ వచ్చాక కాగితం మీద గీసిందే లేదు. అంజనప్ప ఫోటో చూడగానే అన్నాడు, "ఇది పందొమ్మిదో గోడ."

ముహూర్తానికి చీరలు అందాలంటే సోమవారానికి అట్టలు మగ్గమెక్కాలి. మల్లప్ప టీచరమ్మకు మాటిచ్చేశాడు. ఆమె వెళ్ళాక వెనక గదిలోకి వచ్చి మెల్లగా అన్నాడు.

"అంజనప్పా, సోమారానికి ఆ అంచు రాలేదనుకో, నువ్వింక ఇంటికాడ రెస్టు తీసుకో. ఇప్పుడు సీడీలో ఐదు వేల డిజైన్లు వస్తాండాయంట. గీసే పనే లేదంట."

ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఆయన. యాభై రెండేళ్ళకు ఇంకో పని ఎవరిస్తారు? ఇచ్చినా ఆయనకు ఏం చేతనవుతుంది? అంజనప్ప ఫ్లాపీ తీసి కంప్యూటర్‌లో పెట్టాడు. కంప్యూటర్ గరగరమని, ఇందులో ఏమీ లేదంది.

గురువారం పొద్దున్నే ప్యాసింజర్‌లో జోసెఫ్ దిగాడు. ఫ్లాపీ చేతిలోకి తీసుకుని, దాని రేకు పక్కకు జరిపి, లోపలికి చూసి నోరు తెరిచాడు.

"ఏందన్నా ఇది? లోపల ఎర్రగా ఉండాదే?"

"కుంకుమప్పా. ఆయుధ పూజకు పెట్టినా."

"ఫ్లాపీకా?"

"మరి నా ఆయుధం అదే గదా. పెన్సిలుకు పెడతా ఉంటి ముందర. ఇప్పుడు దీనికి పెడతాండా. ఎనిమిదేండ్లు ఒక్క తూరి గూడా తప్పలేదు."

జోసెఫ్ సగం పూట ఊదుతూ, తుడుస్తూ కూర్చున్నాడు. దేవుడి దయ వల్ల నలభై మూడు గోడలూ బయటపడ్డాయి. అంజనప్ప చేతులు జోడించాడు. ఆయన తొందరపడ్డాడు పాపం. అసలు మేలు అప్పుడే మొదలైంది.

గోడలు కట్టే ప్రోగ్రాం మీద జోసెఫ్ నొక్కాడు. 'రన్‌టైమ్ ఎర్రర్ రెండొందలు' అని ఒక ముక్క కనిపించి మాయమైంది. ఏడుసార్లు నొక్కాడు. ఏడుసార్లూ రెండొందలే.

"ఏమంటాండాదప్పా అది?" అన్నాడు అంజనప్ప.

"ఈ ప్రోగ్రాము లేస్తానే కంప్యూటర్ ఎంత జోరుందో లెక్కేసుకుంటాదన్నా. ఇది చానా జోరు. అంత లెక్క దానికి పట్టల్యా. ఆడికే పడిపోతాండాది."

విన్నారా! వేగం ఎక్కువైపోవడం వల్ల బయల్దేరలేకపోవడం! ఇంతటి విశేషం మన పాత యంత్రాల్లో ఎప్పుడైనా చూశామా? దీనికి మందు నెట్‌లో ఉందట. హిందూపురం నెట్ సెంటర్‌లో జోసెఫ్ తమ్ముడు ఆ మందు దించుతుంటే, ముక్కాలు భాగం వచ్చాక లైను పోయిందని ఫోను వచ్చింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ముక్కాలు దగ్గరే పోయిందట.

జోసెఫ్ కాసేపు తల గోక్కుని ఆట మీద నొక్కాడు. ఆట తెరుచుకుంది! కట్టే ప్రోగ్రాం పడిపోతుంది, పగలగొట్టేది మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది. కొత్త సిస్టమ్‌కు ఏది ఇష్టమో, ఏది కాదో చూశారు కదా.

ఇప్పుడు సంగతేమిటంటే, పందొమ్మిదో గోడ చూడాలంటే ముందున్న పద్దెనిమిది గోడలూ పగలగొట్టాలి. మూడు బంతులు పోతే మళ్ళీ మొదటి గోడ. పందొమ్మిదో గోడ తెర మీదికి వచ్చాక, మీట నొక్కనంతసేపు బంతి పలక మీదే ఉంటుంది కాబట్టి, అప్పుడు చూసి కాగితం మీద దించుకోవచ్చు. మల్లప్ప మనిషిని పంపి గ్రాఫు షీట్లు తెప్పించాడు. ఎనిమిదేళ్ళ తర్వాత!

మొదట అంజనప్ప కూర్చున్నాడు. మీట నొక్కాడు. ఏమైందో కనబడలేదు. మూడు బంతులూ పోయాయని రాసి ఉంది. కొత్త కంప్యూటర్ వేగానికి బంతి కళ్ళకు ఆనడం లేదు. శుక్రవారం జోసెఫ్ వేగం తగ్గించే ప్రోగ్రాం తెచ్చాడు. గోడ కట్టే ప్రోగ్రాం దానికీ లొంగలేదు, మళ్ళీ రెండొందలే. అది వేసి ఆట తెరిస్తే, బంతి పెనుకొండలో క్రాసింగ్ కోసం ఆగిన ప్యాసింజర్ మాదిరి నిలబడిపోయింది. అటూ ఇటూ సర్దగా సర్దగా మధ్యాహ్నానికి మనుషులు ఆడగలిగే వేగం కుదిరింది. కొత్త కంప్యూటర్‌ను సరిగ్గా పాత కంప్యూటర్ అంత నిదానం చేయడానికి రెండు రోజులు పట్టిందన్నమాట.

అంజనప్ప మొదటి గోడ దాటలేకపోయాడు. జోసెఫ్ నాలుగో గోడ దగ్గర పోయాడు. మల్లప్ప స్వయంగా కూర్చుని, మూడు బంతులు పోగొట్టుకుని, కీబోర్డు మంచిది కాదని తేల్చి లేచాడు.

వరండాలో రాట్నం మీద కండెలు చుట్టే గంగక్క ఇదంతా చూస్తూనే ఉంది.

"రోంత జరుగన్నా, నేనొక తూరి సూస్తా," అంది.

"నీకేం తెలుసు గంగక్కా కంప్యూటరు?" అన్నాడు మల్లప్ప.

"దాంతో నాకేం పని? బంతి కింద పడకుండా సూసుకుంటే సాలు గదా. ముప్పై ఏండ్లుగా తెగిన పోగు కింద పడకముందే పట్టుకుంటాండా."

నిజంగానే పట్టుకుంది. మొదటి గోడ, రెండు, మూడు. ఒక్క బంతి పోలేదు. ఆమె కళ్ళు తెర మీద కదులుతుంటే వేళ్ళు వాటంతట అవే కదిలాయి. జోసెఫ్ కుర్చీ వెనక నిలబడి చూశాడు.

ఈ ఆటలో ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రతి గోడ మొదలయ్యే ముందు, ఇది ఫలానా గోడ, కట్టినవారు ఫలానా అని తెర నిండా పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తుంది. గోడ దాచుకునేటప్పుడు కంప్యూటర్ పేరు అడిగేది, ఫారంలో గడి నింపినట్టు అంజనప్ప తన పేరు కొట్టి పోయేవాడు. ఎప్పుడూ ఆడలేదు కాబట్టి, అది తెర మీద కనబడుతుందని ఆయనకు తెలియదు.

చీర అప్పజెప్పి పట్టు తీసుకుపోదామని వచ్చిన సోమక్క తెర ముందు ఆగిపోయింది. ఆమె మగ్గం మీద నేసే మనిషి.

"అయ్యో, ఈ హంసంచు నేను నేసిందే గదా! రెండేండ్లు నేసినా! ఏం పేరప్పా ఆ రాసిండేది?"

"అంజనప్ప," అన్నాడు జోసెఫ్ చదివి.

"యా అంజనప్ప? ఈ మూల కూసోనుండే అంజనప్పన్నా? ఇది బెంగులూరు నుంచి వచ్చిందంటివే మల్లప్పన్నా!"

మల్లప్పకు అప్పుడే దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

శనివారం నాటికి ఊరంతటికీ తెలిసిపోయింది. నేసేవాళ్ళు పని మానుకుని వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. గోడ మారినప్పుడల్లా, "ఇది మా ఇంట్లో ఉండాది," "ఇది మా వదినె పెండ్లిది," అని అరిచేవారు. పేరు రాగానే అందరూ కలిసి పైకి చదివేవారు. అంజనప్ప తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకు సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. ఆ వెంటనే గంగక్క బంతి కొడితే, తను కళ్ళు పోగొట్టుకుని పెట్టిన గడులు ఒక్కొక్కటే రాలిపోతుంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాడు.

పదకొండో గోడ మీద నెమలి ఉంది. గంగక్క చేతులు వెనక్కి తీసుకుంది.

"దీన్ని కొట్టల్లంటే నాకు చెయ్యి రాలేదన్నా."

"కొట్టు గంగక్కా. కొట్టకపోతే ముందుకు పోదు," అన్నాడు అంజనప్ప, ఎటో చూస్తూ.

పద్నాలుగో గోడ సగంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక తెర మీద ఏముంది? మొదటి గోడ! గంగక్క నోట వచ్చిన మాట ఇక్కడ అచ్చు వేయడానికి పత్రికవాళ్ళు ఒప్పుకోరు. నెమలిని మళ్ళీ కొట్టాల్సి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తినకుండానే గంగక్క పద్దెనిమిదో గోడలో ఆఖరి ఇటుక రాల్చింది. పేరు వచ్చి పోయింది. పందొమ్మిదో గోడ నిలబడింది. గిలకలా గుండ్రటి పువ్వు, దాని చుట్టూ తిరిగే తీగ, తీగ చివర రెండు చిలకలు. ఫోటోలో బొటనవేలంత ఉన్న అంచు!

"చెయ్యి తీసేయ్ గంగక్కా! ఎవరూ దేన్నీ ముట్టుకోగాకండి!" అని అరిచాడు జోసెఫ్.

అంజనప్ప గ్రాఫు పరిచి పెన్సిలు పట్టాడు. చూడటం, నింపడం. చూడటం, నింపడం. ఇరవయ్యో వరస దాకా వచ్చాడు. అప్పుడు మళ్ళీ కరెంటు పోయింది.

కిటికీ దగ్గర జనం ఉసూరుమన్నారు. మల్లప్ప తల పట్టుకుని, "ఇంగేముంది, అయిపాయ," అని వరండాలోకి వెళ్ళిపోయాడు. గంగక్కకు ఏడుపొచ్చింది. మళ్ళీ పద్దెనిమిది గోడలు కొట్టే ఓపిక ఆమె వేళ్ళలో లేదు. కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది.

"అన్నా... తెర నల్లగైపాయ గదా. నువ్వు గీస్తానే ఉండావే?"

అంజనప్ప తలెత్తి తెర వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. చివరి వరసలో రెండో చిలక ముక్కు దగ్గర ఉన్నాడు. కరెంటు పోయిన సంగతే ఆయన చూసుకోలేదు.

"నేను గీసిందే గదా," అన్నాడు మెల్లగా. మిగిలిన ముక్కు కూడా నింపేశాడు.

సోమవారం అట్టలు మగ్గమెక్కాయి. తొమ్మిది చీరలూ ముహూర్తానికి అందాయి. రమాదేవి అంచు మీద చెయ్యి పెట్టుకుని, "ఇదేనన్నా, అచ్చం ఇదే," అని కొట్టులోనే ఏడ్చింది. అంజనప్ప బల్ల అంజనప్పకు దక్కింది.

మల్లప్ప సంతోషానికి పట్టపగ్గాలు లేవు. "కంప్యూటరు ఉండబట్టి గదా అంత పాత అంచు దొరికె!" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. చీరలకు అంటించే చీటీలు కొత్తగా అచ్చు వేయించాడు. 'కంప్యూటర్ డిజైన్ పట్టు' అని బంగారు అక్షరాలు, పక్కన కంప్యూటర్ బొమ్మ. ఐదు రోజులు పని చెడగొట్టినందుకు దానికి దక్కిన సన్మానం అది.

అంజనప్ప ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. జీవితంలో మొదటిసారి షావుకారును ఒకటి అడిగాడు.

"అన్నా, దీని మింద అడుగున, సన్నక్షరాల్లో, నా పేరు గూడా ఏపిస్తావా?"

మల్లప్ప చెడ్డవాడు కాదు. నవ్వి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ పేరు కంప్యూటర్లో ఉండనే ఉండాది గదప్పా. ఊరంతా సూసిరి. ఇంగా యాడ కావల్ల?"

అంజనప్ప చీటీ తిరిగి ఇచ్చేశాడు. వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు.

అందుకే పాఠకులారా, నేను చెబుతున్నాను. ఆ ఆట కొత్త కంప్యూటర్‌లో చక్కగా ఆడి ఉంటే ఏమయ్యేది? అంజనప్ప బుధవారమే అంచు తెరిచి, అట్టలు కొట్టి, మూసేసి ఉండేవాడు. రెండేళ్ళు నేసిన హంస ఎవరిదో సోమక్కకు ఈ జన్మకు తెలిసేది కాదు. కంప్యూటర్లు చేసే పెద్దలకు నా మనవి ఒక్కటే. ఏడాదికొక కొత్తది తెండి, పాతదేదీ అందులో పనిచేయనివ్వకండి. పని ఆగిపోయిన ఆ రెండు మూడు రోజులే, అది ఎవరు చేశారో మేం వెతికేది.

పోయిన నెల జోసెఫ్ మళ్ళీ ధర్మవరం వచ్చి, మల్లప్ప కంప్యూటర్‌లో డిజైన్ల కోసం కొత్త ప్రోగ్రాం వేశాడు. చోటు చాలదని పాత ఆటలన్నీ తీసేశాడు. కొత్త ప్రోగ్రాం కూడా పేరు అడుగుతుందట, మల్లప్ప అందులో కొట్టు పేరు కొట్టించాడు. ఇప్పుడు కంప్యూటర్ ఏ తకరారూ లేకుండా బాగా పనిచేస్తోంది. అంజనప్ప పేరు ఎక్కడా లేదు.